రెండు అక్షరాలు, రెండు లైసెన్సులు

తుక్కుగూడలో మా ఇంటి మీదుగా విమానాల రాకపోకలు 2008 మార్చిలో మొదలయ్యాయి. మరుసటి నెలలోనే యూనికోడ్ 5.1లో ౘ, ౙ అనే దంత్యాక్షరాలకు చోటు దొరికింది. మొదటి సంగతి ఊరంతటికీ తెలుసు. రెండవది నాబోటి ఒకరిద్దరికే.

ఆ అక్షరాలతో నాకు పనిపడింది. అమ్మమ్మ మాటలను ఆమె పలికినట్టే రాసిపెట్టుకున్నాను: ౘుక్క, ౘలి, ౙొన్న, ౙడ. వాటిని చిన్న పుస్తకంగా కూర్చి, వాడిన ఖతితో సహా మిత్రులకు పంచాలని కోరిక. నాకు నచ్చిన ఖతి పాతది. అందులో ఆ రెండు స్థానాలూ ఖాళీ. మరో కొత్త ఖతిలో ఉన్నాయి. రెండూ స్వేచ్ఛా ఖతులే కదా అని, ఫాంట్‌ఫోర్జ్‌లో అక్కడివి తెచ్చి ఇక్కడ అతికించాను.

పంచబోయే ముందు లైసెన్సులు చదివాను. పాతది జీపీఎల్: తనతో కలిసిన మొత్తాన్నీ తన షరతులతోనే పంచాలి, అదనపు ఆంక్షలు పెట్టరాదు. కొత్తది సిల్ వారి ఓపెన్ ఫాంట్ లైసెన్సు: తన నుండి పుట్టిన ఖతి తన లైసెన్సులోనే ఉండాలి, ఖతిని విడిగా అమ్మరాదు. ఇద్దరూ దాతలే. కాని ఒకరి మాట నిలబెడితే రెండవవారి మాట తప్పినట్టే.

నా కంప్యూటరులో వాడుకుంటే అడ్డు లేదు; చిక్కంతా పంచడంలోనే. రెంటినీ విడివిడి ఫైళ్ళుగా ఒకేచోట పెట్టి ఇచ్చినా దోషం లేదు. ఒకే ఖతిగా అతికితేనే తగవు. హక్కుదారులు తలచుకుంటే లైసెన్సు మార్చగలరు. లోహిత్ ఖతులు 2011లో అలాగే జీపీఎల్ నుండి ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారాయి. నేనూ కొత్త ఖతి కర్తకు జాబు రాశాను. బదులు రాలేదు.

ఆలోచిస్తే, ౘ అంటే చ నెత్తిన ఒక చిన్న గుర్తే. అతికించినవి తీసివేసి, పాత ఖతిలోని చ, జలపైనే ఆ గుర్తును నా చేత్తో గీశాను. కాస్త వంకరగా వచ్చింది. అయితేనేం, నేను గీసినది నాది. దానిని జీపీఎల్‌లో ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పీడీఎఫ్‌లో ఖతిని పొదిగినంత మాత్రాన పుస్తకానికి జీపీఎల్ అంటకుండా పాత ఖతిలో మినహాయింపు వాక్యం కూడా ఉంది. అడిగినవారికి మూలపు ఫైలుతో సహా పంపుతాను.

మొదటి ప్రతి అమ్మకు చూపించాను.

"ఈ గుర్తెందుకురా? ౙొన్నను ఇంకెట్ల అంటరు?" అంది.

పక్కనే ఉన్న మా అబ్బాయి పుస్తకం అందుకుని, ఆ మాటను జనవరిలోని జ-తో చదివాడు.