ఓడితే ఎవరిది?

రెండేళ్లుగా నేనో పుస్తకం రాస్తున్నాను. నవ్వకండి! సినిమా పిచ్చోడికి పుస్తకమేమిటంటారా? అదీ సినిమాల గురించేనండీ. పనిలో కాస్త ఆట కలిస్తే కొత్తదనం దానంతటదే పుడుతుందని చెప్పే పుస్తకం. ‘ఆటే కొలువు’ అని పేరు కూడా పెట్టేశాను. తీరా తొంభై పేజీలు రాశాక కలం కింద పెట్టాల్సి వచ్చింది. ఎందుకో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

మొదటి అధ్యాయం ‘మాయాబజార్’ (1957). అంతకన్నా పెద్ద ఆట ఎక్కడుంది చెప్పండి? పింగళి నాగేంద్రరావుగారు ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అంటూ ఏ నిఘంటువులోనూ లేని మాటలు పుట్టించి మన నోట పలికించారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా తిప్పి మనకి వెన్నెల చూపించారు. మా గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు సావిత్రి, శశిరేఖ వేషంలోనే ఘటోత్కచుడి దర్జా అంతా ఒలకబోసింది. ఇదంతా ఆడుతూ పాడుతూ చేసేశారనీ, మీరూ మీ ఆఫీసుల్లో అలాగే ఆడుకోండనీ తేల్చి పారేశాను.

మొన్న శివరాత్రికి మా ఊరెళ్లాను. అప్పటి ప్రకాశం జిల్లా పర్చూరు పక్కన చిన్న పల్లె. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. రాత్రి కాపలాకి బాబాయితో నేనూ వెళ్లాను. బాబాయికి ఎన్టీ రామారావంటే ప్రాణం. బ్యాటరీ లైటు వెలుగులో మొదటి అధ్యాయం చదివి వినిపించాను. మిరప ఘాటుకి మధ్యమధ్య ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం.

అంతా విని, “బాగానే ఉందిరా అబ్బాయ్. ఒక్క సంగతి చెప్పు. ఆ వెన్నెల సరిగ్గా కుదరకపోతే, ఆ డబ్బు ఎవరిది పోయేది?” అన్నాడు.

“విజయా వాళ్లది బాబాయ్. నాగిరెడ్డి, చక్రపాణి గార్లది.”

“అదీ సంగతి! మేమూ ఆడాం లేరా, ఎనభై ఏడులో.”

ఇక నాకు నోట మాట లేదు.

1987-88లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలని తెల్లదోమ తినేసింది. కొత్తరకం మందులొచ్చాయి, పురుగు ఇట్టే చస్తుందన్నారు. కొట్టారు. మళ్లీ మళ్లీ కొట్టారు. దోమని తినే మంచి పురుగులు చచ్చాయి, దోమ మాత్రం పెరిగింది. మందుల కొట్లో అప్పు దానికంటే వేగంగా పెరిగింది. ఆ యేడు పత్తి రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. బాబాయి ఎకరం అమ్మి గట్టెక్కాడు.

అప్పుడు నేనెక్కడున్నాను? గుంటూరులో, కాలేజీలో. ఆ యేడే విడుదలైన ‘పుష్పక విమానం’ మూడుసార్లు చూశాను. ఒక్క మాటైనా లేకుండా అంత నవ్వించారే అని హాలంతా వినపడేలా ఈలలు కొట్టాను. ఆ టిక్కెట్టు డబ్బులు బాబాయి పంపినవే! ఇన్నేళ్లలో ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నాకు ఒక్కసారైనా తోచలేదు.

మన తెలుగులో ఒక తమాషా ఉంది, గమనించారా? పిల్లలు ఆటాడతారు. నటులు నాటకమాడతారు. పేకాటరాయుడు జూదమాడతాడు. చివరికి సినిమా కూడా ‘ఆడుతుంది’, లేదంటే ‘ఆడదు’. అన్నిటికీ ఒకటే మాట! నేను మొదటి రెండు ఆటల గురించే రాశాను. మిగతా రెండూ వదిలేశాను. మా వైపు పత్తినీ మిరపనీ జూదమని ఊరికే అనలేదు.

ఇంటికొచ్చి ‘మాయాబజార్’ కథ మళ్లీ తిరగేశాను. కె.వి.రెడ్డిగారు ఆడించింది ఉత్తుత్తి ఆట కాదు. షూటింగుకి ముందే స్టాప్‌వాచ్ పెట్టి సీను సీనుకీ నిడివి లెక్క కట్టించారు. ద్వారక పట్టణాన్ని దాదాపు మూడొందల బుల్లి ఇళ్లతో, దీపాలతో సహా కట్టారు. ఖర్చు చూసి నిర్మాతలే ఒక దశలో జంకారు. జంకినా నిలబడ్డారు. పింగళివారు నిశ్చింతగా మాటలతో ఆడుకున్నారంటే, తప్పితే మోయడానికి వెనకాల ఒక భుజం ఉంది.

ఆ స్టాప్‌వాచ్ పట్టుకున్న కుర్రాడే తర్వాత ‘పుష్పక విమానం’ తీసిన సింగీతం శ్రీనివాసరావు. మాటల్లేని సినిమాకి డబ్బు పెట్టేవాళ్లు ముందుకు రాకపోతే తనే నిర్మాణానికి పూనుకున్నారు, శృంగార్ నాగరాజ్ తోడొచ్చారు. అంటే ఆడిందీ ఆయనే, ఓడితే మోయడానికి సిద్ధపడిందీ ఆయనే. దాన్నీ ఒప్పుకోవచ్చు.

ఎటొచ్చీ బాబాయి ఆటే వేరు. కొత్త మందు తయారుచేసింది ఒకరు, అమ్మింది ఒకరు, ఆడి చూడమన్నది ఇంకొకరు. ఓడింది మాత్రం ఆయనొక్కడే.

అంచేత నా తొంభై పేజీలూ పక్కన పెట్టేశాను. చింపలేదు లెండి, అంత ధైర్యం లేదు. మళ్లీ మొదటినుంచీ రాస్తున్నాను. ఆటలో కొత్తదనం పుడుతుందన్న మాట అబద్ధం కాదు. కానీ అది సగం మాటే. ఓటమిని ఎవరు మోస్తారో ముందే తేలినచోట అది ఆట. తేలనిచోట జూదం. ఈసారి మొదటి అధ్యాయం వెన్నెలది కాదు, తెల్లదోమది.

మీలో చాలామంది రేపోమాపో ఉద్యోగాల్లో చేరతారు. ఏ పెద్దమనిషో భుజం తట్టి, “కొత్తగా ఏదైనా చెయ్యవోయ్, ఆడుకో!” అంటాడు. తప్పకుండా ఆడండి. కాకపోతే ముందు మా బాబాయి ప్రశ్న ఒక్కటి అడగండి. సమాధానం విన్నాకే మొదలెట్టండి.

కొత్త అధ్యాయం ఫోనులో చదివి వినిపిస్తే బాబాయి ఏమన్నాడో తెలుసా? “ఇదీ బాగానే ఉందిరా. ఇంతకీ ఈ పుస్తకం అచ్చేసేది ఎవరి డబ్బుతో?”

నా డబ్బుతోనే బాబాయ్!