ఉమ్మడి కాపురంలో మెమ్‌కాపీ

‘జీలిబ్‌సీ 2.14 నాట్ ఫౌండ్.’ లినక్స్ మీద పనిచేసేవాళ్లలో ఈ లైను చూడనివాళ్లు తక్కువ. నాకిది ఒక క్లయింట్ సర్వర్ మీద ఎదురైంది. అందులో ఉన్నది సెంటాస్ 6, దాంతో వచ్చే జీలిబ్‌సీ 2.12. మా ప్రోగ్రామేమో కొత్త మెషీన్ మీద బిల్డ్ అయింది. “ఆ పాత డబ్బా మార్చుకోమనండి” అన్నారు మా టీంలో. నాకు మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. మేం కొత్త ఫీచరేదీ వాడలేదు కదా, మరి ఈ 2.14 కావాలంటున్నదెవరు?

ఆబ్జ్‌డంప్‌తో సింబల్స్ తీసి చూస్తే దొరికింది ఒకే ఒక్క పేరు: మెమ్‌కాపీ. మెమరీలో ఒకచోటున్న బైట్లని ఇంకోచోటికి కాపీ చేయడం, అంతే దాని పని. అలాంటిదానికి కొత్త వెర్షనేమిటి?

జీలిబ్‌సీ షేర్డ్ లైబ్రరీ. ఏ ప్రోగ్రాముకా ప్రోగ్రాము సొంత కాపీ మోసుకు తిరక్కుండా, సిస్టంలో ఉన్న ఒక్కదాన్నే అన్నీ వాడుకుంటాయి. ఉమ్మడి కాపురమన్నమాట. పొయ్యి బాగుచేస్తే అందరికీ వేడి అన్నం. పొయ్యి పాడైతే అందరికీ పస్తు.

2010లో ఫెడోరా 14 వచ్చాక కొందరికి ఫ్లాష్‌లో పాటలు గరగరలాడాయి. కారణం, జీలిబ్‌సీ వాళ్లు వేగం కోసం మెమ్‌కాపీని మార్చడం. కొన్ని ప్రాసెసర్ల మీద అది చివరినుంచి మొదటికి కాపీ చేయసాగింది. సినిమా హాల్లో ఒక వరసంతా ఒక సీటు ఎడమకి జరగాలంటే ఎడమ చివరివాళ్లే ముందు కదలాలి. కుడినుంచి మొదలుపెడితే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాల్సిందే. ఫ్లాష్‌లో జరిగిందదే. నిజానికి రెండు చోట్లూ ఒకదానిమీదొకటి పడుతుంటే మెమ్‌కాపీ వాడకూడదు, దానికి మెమ్‌మూవ్ ఉంది. రూల్ ప్రకారం తప్పు ఫ్లాష్‌దే.

లైనస్ టోర్వాల్డ్స్ ఈ వాదన ఒప్పుకోలేదు. మామూలుగా వాడుకునేవాళ్లకి రూల్‌బుక్‌తో పనేంటి, నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ పాడైంది, అదే లెక్క అన్నది ఆయన వైపు. ఎల్‌డీ ప్రీలోడ్‌తో ముందుగా ఎక్కించుకోవడానికి సొంత మెమ్‌కాపీ ఒకటి రాసి పెట్టాడు కూడా. నేనూ ఆయన పక్షమే. రూల్ మనవైపు ఉందని ఇంట్లో పెద్దాయన కుర్చీ లాగేస్తామా?

2011లో జీలిబ్‌సీ 2.14 ఒక తీర్పు చెప్పింది. 64 బిట్ సిస్టంలలో పాత ప్రోగ్రాములు మెమ్‌కాపీ అని పిలిస్తే మెమ్‌మూవ్‌లా జాగ్రత్తగా చేసేది పలుకుతుంది. కొత్తగా బిల్డ్ అయినవాటికి వేగంగా చేసేది, 2.14 అనే ముద్రతో. ఆ ముద్రే మా ప్రోగ్రాముకీ పడింది. పాత సర్వర్‌కి ఆ ముద్ర తెలీదు, అందుకే లోపలికి రానివ్వలేదు.

స్టాటిక్‌గా లింక్ చేసి వేరు కాపురం పెడదామన్నారొకరు. అలాగైతే రేపు జీలిబ్‌సీలో సెక్యూరిటీ లోపం బయటపడ్డ ప్రతిసారీ మేమే మళ్లీ బిల్డ్ చేసి పంపాలి. వద్దన్నాను. సెంటాస్ 6 కంటెయినర్‌లో బిల్డ్ చేశాం, నడిచింది. క్లయింట్ సర్వర్ జోలికి వెళ్లలేదు.

ఫ్లాష్‌కి అడోబీ 2020 డిసెంబరు 31తో సెలవు చెప్పేసింది. పాత ప్రోగ్రాముల కోసం ఉంచిన ఆ మెమ్‌కాపీ మాత్రం జీలిబ్‌సీలో ఇంకా ఉంది.