నాన్నగారి లెక్క

సంవత్సరాంతం దగ్గరపడితే గుమాస్తాల యిళ్ళలో ఒక లెక్క మొదలవుతుంది. క్యాజువల్ లీవు యింకా ఎన్ని రోజులు మిగిలింది అని. డిసెంబరు 31 దాటిందా, మిగిలిన రోజులు గంగలో కలిసినట్టే. మా నాన్నగారు ఆ సెలవును ఏడాది పొడుగునా పైసా పైసా కూడబెట్టినట్టు కూడబెట్టేవారు. జ్వరం వచ్చినా తలకు తుండుగుడ్డ చుట్టుకుని ఆఫీసుకు పోయేవారేగాని సెలవు చీటీ వ్రాసేవారు కారు. అలా మిగిల్చిన నాలుగు రోజులకు క్రిస్మస్ సెలవూ, ఒక ఆదివారమూ జతచేసి, మమ్మల్ని గోపాల్‌పూర్ సముద్రానికి తీసుకుపోయేవారు.

మేము అంటే ముగ్గురం. అన్నయ్య, చెల్లి, మధ్యన ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నవాళ్ళం. 

బరంపురం తెలుగువారికి గోపాల్‌పూర్ గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. దూరాన వున్న పాఠకుల కొరకు మాత్రం ఒక మాట. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మదరాసు రాజధానిలో వుండేది. గోపాల్‌పూర్ బరంపురానికి పదహారు కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు రంగూనుకు ఓడలు బయలుదేరిన రేవు అది. మా తాతగారి తరంవాళ్ళు ఎందరో అక్కడే ఓడ ఎక్కారు. దొరలు తమ దేశపు అలవాటు చొప్పున దానికి ‘గోపాల్‌పూర్-ఆన్-సీ’ అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లండులో సౌతెండ్-ఆన్-సీ, క్లాక్టన్-ఆన్-సీ అని వున్నవి గదా, అలాగన్నమాట. కలకత్తా దొరలు గాలి మార్పుకు వచ్చి వుండిన పాత బంగళాలు ఒడ్డున కొన్ని మిగిలి వుండేవి. వాటిలో ఒకదానికి కాపలా వుండే అతను నాన్నగారికి తెలిసినవాడు. వెనకవైపు గదులు రెండు తక్కువ అద్దెకు యిచ్చేవాడు.

మా ప్రయాణం చూస్తే కాపురం ఎత్తివేస్తున్నారా అని వీధివాళ్ళు అడిగేవారు. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట, పప్పులు, చింతపండు, ఊరగాయ జాడీ, హోల్డాలులో పక్కబట్టలు. హోటలు భోజనం అనే మాట మా యింట్లో లేదు. మొదటిరోజు పులిహోర, రెండోరోజునుంచి అమ్మ వంట. సాయంత్రం వేయించిన వేరుసెనక్కాయలు మనిషికొక పొట్లం. అదే మా విలాసం.

పొద్దున్నే వాడబలిజవాళ్ళు తెప్పలు ఒడ్డుకు లాగుతూ వుండేవారు. ఒరియావాళ్ళు వాళ్ళను నోలియాలు అంటారు. వాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది తెలుగే. ఆ తెలుగు మా తెలుగు కాదు, యాస వేరు. అయినా బజారులో ఒరియా, బడిలో ఒరియా వినే మాకు, సముద్రపు ఒడ్డున తెలుగు వినబడితే సముద్రమే మనవాళ్ళ సొత్తు అన్నంత గర్వంగా వుండేది. వాళ్ళలో ఒక పెద్దాయన మా ముగ్గురి చేతులూ పట్టుకుని కెరటాలకు ఎదురు నిలబెట్టేవాడు. అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకునేది. నాన్నగారు మాత్రం నీళ్ళకు ఇరవై గజాల ఎగువన, మా చెప్పులన్నీ వరుసగా పేర్చుకుని, వాటికి కాపలాగా కూర్చునేవారు. ఒక్కనాడూ ఆయన పాదం తడవగా మేము చూడలేదు. నాన్నగారికి నీళ్ళంటే భయం అని మాలో మేము నవ్వుకునేవాళ్ళం.

1992 డిసెంబరులో మేము వెళ్ళేసరికి బంగళా ముందు గదుల్లో ఒక ఇంగ్లీషు దంపతులు దిగి వున్నారు. ఆయన చిన్నతనం కలకత్తాలో గడిచిందట. తల్లిదండ్రులతో సెలవులకు వచ్చిన చోటు ఒకసారి చూసిపోదామని వచ్చాడు. ఆయన రోజల్లా ఆ పాత గోడలచుట్టూ తిరిగేవాడు. ఆవిడ వరండాలో ఒంటరిగా కూర్చునేది. ఏభై యేళ్ళు నిండబోతున్న మనిషి. మా స్టవ్వు, మా మూటలు చూసి తనలో తను నవ్వుకుంటూంటే అమ్మకు చిన్నతనం అనిపించింది. “ఎందుకు నవ్వుతోందో అడగరా,” అని అన్నయ్యను పురమాయించింది. అన్నయ్య అప్పుడు పదో తరగతి. వాడి ఇంగ్లీషే మా యింటికి ఇంగ్లీషు.

ఆవిడ చెప్పిన జవాబుకు మేమందరం చాపలు పరుచుకుని కూర్చోవలసి వచ్చింది. తన చిన్నప్పుడు తన అమ్మ కూడా యిలాగే మూటలు కట్టేదట!

ఆవిడది లాంకషైర్‌లో ఒక మిల్లు వూరు. తండ్రి నూలు మిల్లులో, తల్లి మగ్గాల దగ్గర. యేడాదికి ఒక వారం ఆ వూరి మిల్లులన్నీ ఒక్కసారిగా మూసేవారు. దానికి వేక్స్ వీక్ అని పేరు. ఒక్కొక్క వూరికి ఒక్కొక్క వారం. ఆ శనివారం వూరు వూరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేది. వీధిలో ఇరుగూ పొరుగూ ఎవరో, అక్కడ ఒడ్డునా ఇరుగూ పొరుగూ వాళ్ళే. వారం వారం జీతంలోంచి కొంత తీసి సెలవుల చిట్టీలో వేసేవాడట తండ్రి. 1938లో ఆ దేశంలో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చిందిగాని మరుసటి యేడే యుద్ధం వచ్చిపడింది. కూలిజనానికి దాని ఫలం నిండుగా అందింది యుద్ధం తీరిన తరువాతనే. యుద్ధకాలంలో తూర్పు, దక్షిణ తీరాలకు శత్రువులు దిగుతారని ఇసుకలో మందుపాతరలు పెట్టి, ముళ్ళతీగలు చుట్టారు. అవి తీశాకనే పిల్లలు అక్కడ ఇసుకలో అడుగుపెట్టగలిగారు. బ్లాక్‌పూల్ పడమటి తీరం కావడంచేత కొంత నయం.

బస పెట్టేది పూటకూళ్ళమ్మల యిళ్ళలో. ఆ యిల్లాలి చేతికి మొదట రేషను కార్డులు అప్పగించాలి. పొద్దున ఫలహారం కాగానే బయటికి నడవాలి, సాయంత్రం భోజనం దాకా లోపలికి రాకూడదు. వాన కురిసినా అంతే. బల్లమీది ఉప్పు, మిరియాల బుడ్లకు కూడా కొన్ని యిళ్ళలో విడిగా పద్దు వ్రాసేవారట. ఇది వినగానే అమ్మకు ప్రాణం లేచివచ్చింది. “మన స్టవ్వే మేలు,” అన్నది.

రోజంతా ఒడ్డునే. అద్దెకు తెచ్చిన గుడ్డ కుర్చీలో తండ్రి, కోటుతో, మెడకు టైతో, నెత్తిన రుమాలుతో. పిల్లలకు తల్లి అల్లిన వున్ని ఈతబట్టలు. నీళ్ళలో దిగితే అవి తడిసి మోకాళ్ళదాకా జారేవని ఆవిడ లేచి నటించి చూపించింది. ఇసుకలో గాడిదల సవారీ వుండేది. 1942లో చేసిన నియమాల ప్రకారం ఆ గాడిదలకు శుక్రవారం సెలవు. అది వినగానే నాన్నగారు, మొదటిసారిగా నోరు విప్పి, “మిగిలిన సెలవు మరుసటి యేడుకు జమ అవుతుందా, అడుగు,” అన్నారు. అన్నయ్య తర్జుమా చేశాక ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

518 అడుగుల ఎత్తున్న ఆ వూరి ఇనుప గోపురం 1894 నాటిది. రైల్లోంచి దాన్ని ఎవరు ముందు చూస్తే వాళ్ళు గెలిచినట్టు. ఇంకొకటి రాక్ అనే చక్కెర కడ్డీ. దాని నడుమ వూరిపేరు ఎర్రటి అక్షరాలతో వుంటుంది. ఎంత కొరికినా, చివరి ముక్కదాకా ఆ అక్షరాలు అలాగే వుంటాయి. ఆ దేశంలో మిఠాయిలకు కూడా రేషను వుండేది. 1949 ఏప్రిల్‌లో ఎత్తివేస్తే జనం అంగళ్ళమీద విరుచుకుపడి వూడ్చివేశారు, ఆగస్టులో మళ్ళీ పెట్టవలసివచ్చింది. చివరికి 1953 ఫిబ్రవరి 5న పూర్తిగా తీసివేశారు. ఆ వేసవిలో, తనకు తొమ్మిదో యేట, కూపను లేకుండా కడ్డీ కొనిపెట్టారని, సగం తిని సగం తలగడకింద దాచుకున్నానని చెప్పింది. 

మధ్యలో ఒక చిక్కు వచ్చింది. వాళ్ళ అమ్మ బట్ట నేసేది అనగానే, మా అమ్మ, “మా తాతగారు ఆ సీమగుడ్డలే నాలుగు రోడ్ల కూడలిలో తగలబెట్టారుట, చెప్పు,” అన్నది. అన్నయ్య నీళ్ళు నమిలాడు. ఆవిడ వదలలేదు. “మా తాతగారికి ఖద్దరు అంటే ఇష్టం అట,” అని చెప్పి గండం గడుపుకున్నాడు. ఆవిడకు అర్థమయిందనే అనుకుంటాము. కాసేపు వూరుకుని, ఆ మిల్లులు ఇప్పుడు లేవనీ, జనం 1970ల తరువాత వేడి ఎండకోసం విమానమెక్కి స్పెయిను పోవడం మరిగారనీ చెప్పింది.

లేవబోతూ ఆవిడ అన్న మాట ఒకటి వుంది. “మా నాన్న పోయారు. ఆ కుర్చీలో అన్నేళ్ళు కూర్చుని ఆయన ఏం ఆలోచించేవాడో, ఆయనకు ఆ సెలవు సంతోషంగా వుండేదో లేదో, ఒక్కసారీ అడగలేదు. మీరు అడగండి.”

ఆ రాత్రి మేము అడిగాము. పెట్రొమాక్సు వెలుతురులో నాన్నగారు ఖర్చుల పుస్తకం వ్రాసుకుంటున్నారు. “నాన్నగారూ, మీకు సముద్రం అంటే భయమా?” అన్నది చెల్లి.

“నేను సముద్రం ఎక్కడ చూశానే? మీ తలకాయలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు. కెరటం వచ్చి పోయిందంటే మళ్ళీ ఒకటి, రెండు, మూడు. నేనూ నీళ్ళలోకి దిగితే లెక్క ఎవరు చూస్తారు?” అని మళ్ళీ పుస్తకంలో తల దూర్చారు.

అంతే జరిగింది. కాని మరునాటినుంచి కెరటం తలమీదుగా పోయిన ప్రతిసారీ మేము ఒడ్డువైపు చూసేవాళ్ళం. ఆయన పెదవులు కదులుతూ వుండేవి.

తరువాత అన్నయ్యకు దూరాన వుద్యోగం, మాకు బరంపురంలోనే ఒక ఆఫీసులో బల్ల, చెల్లికి పెళ్ళి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ బంగళా కప్పు ఎగిరిపోయింది, వెనక సరుగుడు చెట్లు నేలకొరిగాయి. 2016లో అమ్మ పోయింది. 2019లో యింటి వాటా మాట వచ్చింది. అన్నయ్య అమ్ముదామన్నాడు. నాన్నగారుండగా వద్దన్నాము. అక్కడితో ఆగవలసింది. “నెలకొకసారి ఫోను చేసేవాడికి వాటా యేమిటి?” అని కూడా అన్నాము. ఆ తరువాత ఆ నెలకొక ఫోనూ లేదు. తప్పు ఎవరిదని పాఠకులు అడిగితే, ఆ మాట మట్టుకు మా నోటినుంచే వచ్చిందని ఒప్పుకుంటున్నాము.

కిందటి 2024 డిసెంబరులో మాకు నాలుగు రోజుల క్యాజువల్ లీవు మిగిలింది. ఎనభైయో పడిలో పడిన నాన్నగారికి జ్ఞాపకం సరిగా వుండటంలేదు. చెల్లిని అమ్మ పేరుతో పిలుస్తారు. చెల్లి సెలవులకు వచ్చివుంటే, ముగ్గురం ఆటోలో గోపాల్‌పూర్ వెళ్ళాము. ఇసుకలో దుప్పటి పరిచి ఆయన్ని కూర్చోబెట్టి, చెప్పులు పక్కన పెట్టి, మేమిద్దరం మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాము.

వెనక్కి తిరిగి చూస్తే పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు. ఆగి, మళ్ళీ మొదటినుంచి. ఒకటి, రెండు. మేము చూస్తూండగానే ఆయన లేచారు. ఒక చేత్తో చెప్పుల జత పట్టుకుని నీళ్ళవైపు గబగబా వస్తున్నారు. “పెద్దాడేడీ? పెద్దాడు కనబడటంలేదు!” అని కేకలు. మేము అందుకునేలోగా కెరటం వచ్చి పంచె మోకాళ్ళదాకా తడిసింది. చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. “వస్తాడు నాన్నగారూ, వూళ్ళో వున్నాడు,” అంటే వినరు. నీళ్ళలోకే చూస్తారు.

అక్కడే, తడి చేతులతోనే, అయిదేళ్ళ తరువాత అన్నయ్యకు ఫోను చేశాము. మొదట ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు. వాటా సంగతి మేమెత్తలేదు, వాడెత్తలేదు. జరిగింది చెప్పాము. చాలాసేపు మాట లేదు. ఆ పైన, “నాన్నగారు నీళ్ళలోకి దిగారా?” అన్నాడు. దిగారన్నాము. “పాదాలు తడిశాయా?” అని మళ్ళీ అడిగాడు.

ఫోను నాన్నగారి చెవిదగ్గర పెట్టాము. అటు ఏమన్నాడో మాకు వినబడలేదు. నాన్నగారు మాత్రం, “సరే, ఎక్కువ లోపలికి పోకు,” అని ఫోను మాకిచ్చి, వెనక్కి వచ్చి దుప్పటిమీద కూర్చున్నారు.

సంక్రాంతికి అన్నయ్య వచ్చి మూడు రోజులు వున్నాడు. యింటి సంగతి యింకా తేలలేదు. తేలడానికి కాలం పడుతుంది. నాన్నగారికి కొత్త చెప్పులు మాత్రం వాడే కొన్నాడు.