సగంలో ఆగిన హెరాల్డ్ అమ్మబడును

ఉప్పల్ అంటే మనలో చాలామందికి స్టేడియమే. ఐపీఎల్ రోజున మెట్రో దిగి, జెర్సీ వేసుకుని గుంపుతో పాటు నడిచే దారి. కాదంటే రింగ్ రోడ్డు, 2023లో తెరిచిన స్కైవాక్, కింద వరంగల్ బస్సు కోసం నిలబడ్డ జనం. కానీ తార్నాక నుంచి వస్తూ హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగి నాచారం వైపు వెళ్లి చూడండి. కాసేపట్లోనే సీన్ మారిపోతుంది. లేత్ మిషన్ల చప్పుడు, వెల్డింగ్ మెరుపులు, పెయింట్ వాసన. ఒకవైపు ఈఎస్ఐ ఆసుపత్రి, ఇంకోవైపు ఎన్టీఆర్ కుటుంబానికి చెందిన రామకృష్ణా స్టూడియో. వీటన్నిటి మధ్యా రేకుల షెడ్లు.

అలాంటి ఒక షెడ్డులో, నీలం టార్పాలిన్ కింద, మా పెదనాన్న కారు తొమ్మిదేళ్లుగా ఉంది. 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్. టాప్ లేదు. పెదనాన్న పోయిన ఏడాది పోయారు. సంక్రాంతికల్లా షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. కారు అమ్మే పని నా మీద పడింది. ఇంజినీరింగ్ చదివానని కాదు, ఇంట్లో ‘ఆన్‌లైన్‌లో పెట్టడం’ వచ్చింది నాకొక్కడికేనని.

హెరాల్డ్ పేరు మన వయసువాళ్లకు కొత్తగానే ఉంటుంది. అరవైల్లో మన రోడ్ల మీద ప్రధానంగా మూడు కార్లే: అంబాసిడర్, ఫియట్, ఇది. అసలు బండి బ్రిటన్‌ది. ట్రయంఫ్ హెరాల్డ్ అని 1959లో వచ్చింది. డిజైన్ చేసింది ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి ఇక్కడ తయారు చేసింది. ఇంజిన్ 948 సీసీ, ఇప్పటి ఆల్టో కె10 కంటే కూడా కాస్త చిన్నది. ఆ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చి, దెబ్బతిని, కొన్నేళ్లకే మూతపడింది. అంటే కొత్త స్పేర్ పార్టుల కోసం షోరూమ్‌కి వెళ్దామంటే షోరూమే లేదు.

ఈ బండిలో నాకు బాగా నచ్చింది దాని కట్టుబడి. ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీని కూడా ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకు తెరుచుకుంటుంది. మెకానిక్ దర్జాగా ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే పక్కా మాడ్యులర్. పైకప్పు కూడా బోల్టులే. విప్పితే మామూలు కారు కాస్తా ఓపెన్ టాప్ అయిపోతుంది.

చిక్కంతా ఇక్కడే. బ్రిటన్‌లో 1960 నుంచి ఫ్యాక్టరీలోనే కన్వర్టిబుల్ తయారైంది. అందుకే ఎక్కడైనా టాప్ లేని హెరాల్డ్ కనిపిస్తే మొదట అడగాల్సింది ఒకటే: పుట్టుకతోనే ఓపెనా, తర్వాత విప్పిందా? మాది విప్పిందే. పాత సినిమా పాటల్లో హీరోలు టాప్ లేని కార్లలో తిరగడం చూసి పెదనాన్నకు పుట్టిన కోరిక అది. ఆర్‌సీలో మాత్రం మామూలు సెడాన్ అనే ఉంది.

విప్పినంత తేలిక కాదు మిగతాది. పైకప్పు పోతే బాడీకి ఆ మేరకు పట్టు తగ్గుతుంది. లోపల అడ్డకమ్మీలు కట్టకుండా ఫ్లోర్ వెల్డింగ్ చేస్తే తలుపుల సందులు మారిపోతాయి. మా బండి ఎడమ తలుపు అందుకే పూర్తిగా పడదు. ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులు తుప్పు పట్టిపోతే కుడివైపువి కొత్తగా చేయించారు, ఎడమవైపువి అలాగే ఉన్నాయి. ఇంజిన్ నాచారంలోనే ఒక లేత్ షాపులో బోర్ చేయించారు. గేర్‌బాక్స్ బల్ల మీద ఉంది. సీట్లకు స్ప్రింగులే మిగిలాయి. టాప్ కోసం పైపులు వంచి ఫ్రేమ్ చేశారు కానీ గుడ్డ కుట్టించలేదు. బోల్టులన్నీ హార్లిక్స్ సీసాల్లో, ఒక్కోదాని మీద పెదనాన్న రాతలో తేదీ, ఎక్కడివో వివరం. ఇరవై మూడు సీసాలు లెక్కపెట్టాను. మా టీమ్‌లో ఎవరూ ఇంత బాగా డాక్యుమెంటేషన్ రాయరు.

ప్రకటనలో ఇవన్నీ రాశాను. ‘నడవదు’ అన్నది మొదటి మాట. ‘ఫ్యాక్టరీ కన్వర్టిబుల్ కాదు’ అన్నది రెండోది. ఆ రెండో మాట తీసేస్తే లక్ష ఎక్కువ వస్తుందని ఫ్రెండ్ ఒకడు సలహా ఇచ్చాడు. వస్తుందేమో కూడా. కానీ సగంలో ఆగిన బండిని కొనేవాడు ఇనుము కంటే ముందు సమాచారం కొంటాడు. ఏది అయింది, ఏది కాలేదు, ఏది ఎక్కడుంది అన్నది తెలియకపోతే మొత్తం మళ్లీ విప్పాల్సిందే.

మొదట వచ్చింది పాత ఇనుము వ్యాపారి. చుట్టూ ఒకసారి తిరిగి, కిలోల లెక్కన ఇరవై రెండు వేలు అన్నాడు. బండి అసలు బరువు సుమారు 800 కిలోలు. మిగిలి ఉన్న సామాను అంత తూగదన్నాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

తర్వాత ప్రీవెడ్డింగ్ షూట్‌లకు కార్లు అద్దెకిచ్చే ఆయన వచ్చాడు. ఆయనకు ఇంజిన్ కూడా అక్కర్లేదు. ట్రాలీ మీద ఎక్కించి ఫామ్‌హౌస్‌లో పెడతాడట. వెనక సీటు ఎత్తు పెంచడానికి బాడీ ఇంకాస్త కోస్తాడట. రెండు లక్షల నలభై వేలు, ఇవాళే క్యాష్. “కాయితాలు తర్వాత చూస్కుందాం అన్నా, తొందరేముంది?” అన్నాడు.

మూడో మనిషి పీర్జాదిగూడ కుర్రాడు. నాకంటే రెండేళ్లు చిన్న. టార్చ్ వేసుకుని బండి కింద దూరి అరగంట బయటికి రాలేదు. వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న, ముందు చక్రాల దగ్గరుండే ట్రునియన్లకు గ్రీజు పెట్టారా, ఆయిల్ పోశారా అని. హెరాల్డ్‌కి అక్కడ గేర్ ఆయిలే పట్టించాలి. అది తెలిసినవాళ్లు తక్కువ. రెండో ప్రశ్న: “అన్నా, తీసేసిన టాప్ ఉందా?”

నాకు తెలియదు. ఎందుకని అడిగితే చెప్పాడు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లకు, బైకులకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా అయితే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిరగడానికి కాదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు మాత్రమే. అసలు షరతు ఏమిటంటే, బండి పాత రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదంటుంది. టాప్ దొరికితే బోల్టులు బిగించి దారిలో పెట్టుకోవచ్చు. లేకపోతే ఇది ఫొటోలకే పనికొస్తుంది.

పెదనాన్న దగ్గర టింకరింగ్ పని చేసిన చాచా ఇప్పుడు ఉప్పల్‌లో, చిలకానగర్ పక్కన చిన్న దుకాణం పెట్టుకున్నాడు. నాచారంలో ఆయన పనిచేసిన షెడ్డు ఇప్పుడు ఒక డెలివరీ కంపెనీ గోదాము. 2025 నవంబరులో ప్రభుత్వం పారిశ్రామికవాడల భూముల్ని వేరే అవసరాలకు మార్చుకునే పాలసీ తెచ్చాక, ఇక్కడి టీ కొట్ల దగ్గర ఎవరి నోట విన్నా గజం రేటే. చేత్తో రేకు కొట్టి వంపు తెచ్చేవాళ్లు ఎక్కడికి పోతారో ఆ లెక్కల్లో ఉండదు.

చాచా దుకాణంలో అటక మీద, ఆటో సీట్ల వెనక, గోనెపట్టా చుట్టి ఉంది టాప్. వెనక అద్దం కూడా పగల్లేదు.

“పారెయ్యలేదా చాచా?”

“ఎట్ల పారేస్త బేటా? మీ పెదనాన్నకు ఎప్పుడన్న మనసు మారితే అడుగుతడని పెట్టిన. ఆయన అడగనే లేదు.”

టాప్ దొరికిందని చెప్పగానే కుర్రాడు తన రేటు లక్షా నలభై నుంచి లక్షా అరవై ఐదుకు పెంచాడు. అయినా షూటింగ్ ఆయనకంటే డెబ్బై ఐదు వేలు తక్కువే. అది పెద్దమ్మ డబ్బు. నా ఇష్టాయిష్టాలతో తేల్చేది కాదు కాబట్టి రామంతాపూర్ వెళ్లి రెండూ ఆమె ముందు పెట్టాను. ఆమె కారు రూపం గురించి ఒక్క మాట అడగలేదు.

“కాయితాలు ఎవలు మార్చుకుంటరు?”

“కుర్రాడు.”

“మరింకేంది?”

ఆమెది సెంటిమెంట్ కాదు. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే, యాక్సిడెంట్ అయిన రోజు పరిహారం బాధ్యత ఆ పేరున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. పాత బైకును ఫ్రెండ్‌కి అమ్మేసి ‘తర్వాత ట్రాన్స్‌ఫర్ చేసుకుంటాడులే’ అనుకునే మనందరికీ ఇది వర్తిస్తుంది. ట్రాలీ మీద పెట్టే బండి ఎప్పటికీ ట్రాలీ మీదే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? పెద్దమ్మ ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పింది. డెబ్బై ఐదు వేలకు ఆ రిస్కు కొనడం ఆమెకు గిట్టలేదు.

పద్ధతి కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఓనరు చనిపోతే ముందు వారసుల పేరు మీదికి మార్చాలి, అది ఫారం 31. ఆ తర్వాత కొన్నవాళ్ల పేరు మీదికి ఫారం 29, 30. రెండు విడతలకీ ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాం. రసీదు చేతికొచ్చాకే బండి కదలాలన్నది పెద్దమ్మ షరతు. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటిపోయింది. రెన్యువలా, వింటేజా అన్నది కుర్రాడే చూసుకోవాలని ముందే రాసుకున్నాం.

షెడ్డు గడువుకు నాలుగు రోజుల ముందు టో ట్రక్ వచ్చింది. బండి ఎక్కించాక టాప్‌ను తాడుతో దాని మీదే కట్టారు. హార్లిక్స్ సీసాలు నా ఒళ్లో. ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ రోడ్డు ఎక్కి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పక్కన బైక్ మీద ఒకాయన హెల్మెట్ పైకెత్తి, “ఏం బండన్నా ఇది? ఎంతకిస్తరు?” అన్నాడు. ట్రక్ డ్రైవరే జవాబిచ్చాడు, “అయిపోయింది, పో” అని.

పీర్జాదిగూడలో బండి దించేసరికి చాచా అప్పటికే బస్సులో వచ్చి కూర్చున్నాడు. ఎడమ తలుపు ఎత్తి, సందులో వేలు పెట్టి చూసి, ఆదివారాలు వస్తానన్నాడు. కుర్రాడు రోజుకు ఎనిమిది వందలన్నాడు. చాచా పన్నెండు వందలన్నాడు. నేను సీసాలు వరసగా గోడ పక్కన పెట్టి వచ్చేసేటప్పటికి బేరం ఇంకా నడుస్తోంది.