మట్టిలో దాగిన ఊపిరి

నల్లమల కొండల అంచున ఉన్న రాచర్ల ప్రాంతానికి నీటి విలువ బాగా తెలుసు. ఆ కొండలలో పుట్టిన గుండ్లకమ్మ ఈ సీమ మీదుగానే ప్రవహిస్తుంది. అయినా వానలు ముఖం చాటేసిన ఏడు వాగులు ఇసుక దారులవుతాయి; చెరువులు నెర్రెలు విచ్చుతాయి. ఆ నెర్రెలను చూచినవారు అక్కడ ప్రాణమన్నది మిగలలేదనుకుంటారు. కాని అడుగున తడి మిగిలినచోట, బురదలో కొర్రమీను ఒదిగి ఉండవచ్చు. దాని తలలో, మొప్పలకు పైభాగాన, గాలిని పీల్చుకొనే గదులున్నాయి. ఆ గదులూ చర్మమూ తడిగా ఉన్నంతకాలం అది ప్రాణం నిలుపుకుంటుంది. నీరు నిండుగా ఉన్న రోజులలో సైతం అది మాటిమాటికీ పైకి వచ్చి గాలి పీల్చవలసిందే. రానీయకుండా అడ్డుకుంటే నీటిలోనే ఊపిరాడక మరణిస్తుంది.

కొర్రమీనుకు ఊపిరితిత్తులు లేవు. నిజమైన ఊపిరితిత్తులు గల చేపలు నేడు ప్రపంచంలో 6 జాతులు మాత్రమే ఉన్నాయి. ఆఫ్రికాలో 4, దక్షిణ అమెరికాలో 1, ఆస్ట్రేలియాలో 1. మన దేశంలో ఒక్కటీ లేదు. అయితే తెలుగు నేలతో వాటి చుట్టరికం చాలా పాతది. ప్రాణహిత, గోదావరి లోయలో మలేరి పరిసరాల శిలలలో దొరికిన చేపపళ్ళను గురించి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వివరించాడు. అవి సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్ళు. వాటి వయస్సు 20 కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆనాడు మన భూభాగం ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలతో కలిసి ఉండేది. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా అనే పేరు గోండుల సీమనుండి వచ్చినదే.

రాతిలోని పళ్ళనుబట్టి మాత్రమే తెలిసిన ఈ చేప ఏనాడో అంతరించిందని అందరూ తలచారు. 1870లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గెరార్డ్ క్రెఫ్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక నదిచేప నోరు తెరిచి చూచాడు. అందులో ఉన్నవి సరిగ్గా అటువంటి పళ్ళే!

వీటిలో ఆఫ్రికా చేపల జీవనవిధానం మరింత ఆశ్చర్యకరం. నీరు ఇంకిపోయే వేళ అవి బురదను తొలుచుకొని లోపలికి పోతాయి. తోకను ముఖం మీదికి మడుచుకొని చుట్టగా పడుకుంటాయి. ఒంటినుండి స్రవించిన జిగురు ఎండి, పలుచని తోలువంటి గూడు అవుతుంది. నోటివద్ద మాత్రం గాలికి చిన్న రంధ్రం ఉంటుంది. దీనినే గ్రీష్మ సుప్తావస్థ అంటారు. సాధారణంగా ఇది కొన్ని నెలలు సాగుతుంది. పరిశోధనశాలలలో సంవత్సరాల తరబడి జీవించిన చేపలూ ఉన్నాయి.

ఈ నిద్ర సుఖనిద్ర కాదు. అమెరికా శాస్త్రవేత్త హోమర్ స్మిత్ 1930 ప్రాంతంలో దీనిని పరిశీలించాడు. ఆహారం లేని చేప తన కండరాలనే కరిగించుకొని బ్రతుకుతుంది. నీటిలో ఉన్నప్పుడు సులువుగా విసర్జించే అమ్మోనియా, గూటిలో మిగిలిపోతే విషమవుతుంది. అందువలన దానిని అంతగా హాని చేయని యూరియాగా మార్చి ఒంట్లోనే దాచుకుంటుంది. గుండె వేగం తగ్గుతుంది; ప్రాణవాయువు అవసరమూ తగ్గుతుంది. తొలివాన గూటిని నానబెట్టినప్పుడు, చిక్కి శల్యమైన ఆ ప్రాణి నెమ్మదిగా నీటిలోకి కదలివస్తుంది. చూచేవారికి నిష్క్రియగా తోచిన ఆ నిరీక్షణ వెనుక దేహం అనుక్షణం చేసిన శ్రమ ఉన్నది.

ఇంతటి ఓర్పు ఉన్నా దానికి ఒక ఆధారం కావాలి. ఆస్ట్రేలియా చేప బురదలో నిద్రించదు. లోతులేని నీటిలోని మొక్కలపై గుడ్లు పెడుతుంది. మేరీ నదిపై పెద్ద ఆనకట్ట కట్టదలచినప్పుడు ఆ తావులు మునిగిపోతాయని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఈ చేపతోపాటు ఇతర అరుదైన జీవుల రక్షణకోసం 2009లో అక్కడి కేంద్రప్రభుత్వం ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. ఖండాలు విడిపోయినా చెక్కుచెదరని జాతికి, గుడ్లు పెట్టే చోటు పోతే మనుగడ ఉండదు.

కొర్రమీనుకైనా అంతే. కరవుకు తట్టుకోగల ఆ చేప, చెరువును మట్టితో పూడ్చివేస్తే తట్టుకోలేదు. ఎండిన చెరువు వృథాభూమి అనుకోవడం తేలిక. కాని అది రాబోయే వానకోసం ఎదురుచూస్తున్న చెరువు. దాని అడుగున మరొక ప్రాణం కూడా ఎదురుచూస్తూ ఉండవచ్చు.