చేపల తొట్టిలో నీళ్లు

30 ఏళ్లుగా మదర్సాలో పిల్లలకు తహారత్ పాఠాలు చెబుతున్నాను. నీళ్ల అధ్యాయం నాకు కంఠస్థం. అటువంటి నేను నిరుడు వేసవిలో మా ఇంటి అద్దాల తొట్టిలోని ఐదు గోల్డ్‌ఫిష్‌ల మరణానికి కారకుడనయ్యాను. ఆ నింద ఎనిమిదేళ్ల మా మనుమరాలి మీద పడింది.

తొట్టి 60 లీటర్లది. నీళ్లు కాస్త పచ్చబడ్డాయని ఒక ఉదయం చేపలను బకెట్‌లోకి తీసి, తొట్టిని పూర్తిగా ఖాళీ చేశాను. గులకరాళ్లను, ఫిల్టరులోని స్పాంజిని జిడ్డు వదిలేదాకా కుళాయి కింద రుద్ది కడిగాను. అప్పుడే వచ్చిన మున్సిపల్ నీళ్లు నింపాను. తొట్టి తళతళలాడింది. మర్నాటికి రెండు చేపలు చనిపోయి పైకి తేలాయి. మిగిలినవి నీటి పైభాగానికి వచ్చి నోళ్లు తెరుస్తూ, వారంలోగా ఒకదాని వెంట ఒకటి పోయాయి. "మేత ఎక్కువ వేసి ఉంటావు" అని కోడలు పాపను మందలించింది. నేనూ తలూపాను. పాప ఏమీ అనలేదు, మేత డబ్బాను మాత్రం అలమారలో వెనక్కి దాచేసింది.

నా దగ్గర చదువుకున్న ఒకతను మా ధర్మవరంలోనే పట్టునూలుకు రంగులు అద్దుతాడు. నీటిని బట్టి రంగు ఎలా మారుతుందో తెలిసినవాడు, ఇంట్లో చేపలూ పెంచుతాడు. జరిగిందంతా విని, "హజ్రత్, మీరు మురికిని కాదు, తొట్టిలో పనిచేసేవాళ్లను కడిగేశారు" అన్నాడు.

చేపల మొప్పల నుండి, విసర్జన నుండి, మిగిలిపోయిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. స్పాంజి మీద, రాళ్ల మీద నివసించే సూక్ష్మజీవులలో ఒక రకం దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరొక రకం దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోవడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. నేను జిడ్డు అనుకొని వదిలించినది వాటి నివాసమే. కుళాయి నీటిలోని క్లోరిన్ ఇటు చేపల మొప్పలను కాల్చింది, అటు మిగిలిన సూక్ష్మజీవులనూ చంపింది. దానికి తోడు మే నెల ఎండలు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. క్షారగుణం గల నీటిలో ఆ విషం మరింత తీవ్రం.

ఇంటికి వస్తుంటే నా పాఠమే నాకు గుర్తొచ్చింది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజులో మలినం పడితే రంగు, వాసన, రుచి మారాయా అని చూస్తాము. చిన్న నీటికి ఆ వెసులుబాటు లేదు, కొద్దిపాటి మలినం చాలు. ఎన్ని వందల మంది విద్యార్థుల చేత వల్లె వేయించానో! చెరువులో కలిసిపోయే మలినం 60 లీటర్లలో ఎక్కడికి పోతుందన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆ కాస్త అమ్మోనియాకు రంగూ లేదు, వాసనా తెలియదు.

విషయం తెలిశాక కూడా పాపకు చెప్పడానికి రెండు రోజులు వెనుకాడాను. పెద్దరికం అడ్డొచ్చింది, దాచేదేముంది. మూడో రోజు కోడలి ఎదుటే చెప్పాను. పాప నా ముఖంలోకి చూసి, "అయితే దాదా, మేత నేను సరిగ్గానే వేశానా?" అని అడిగింది. "సరిగ్గానే వేశావమ్మా" అన్నాను.

ఈసారి గట్టి నీటిని తట్టుకొనే మోలీ చేపలను రెండింటినే తెచ్చాము. వారానికొకసారి నాలుగో వంతు నీళ్లు మాత్రమే మారుస్తాము. ఆ నీళ్లను ముందురోజే వెడల్పాటి బకెట్‌లో మూత లేకుండా ఉంచుతాము, క్లోరిన్ పోవడానికి. స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండుతాము. మేత రెండు నిమిషాలలో తినగలిగినంతే. దుకాణంలో అమ్మోనియా పరీక్ష చుక్కలు దొరికాయి. నీరు పసుపుగా ఉంటే మేలు, ఆకుపచ్చకు తిరిగితే ప్రమాదం.

చుక్కలు వేసి రంగు చూసే పని పాపదే. స్పాంజి జోలికి నన్ను రానివ్వడం లేదు. బకెట్ మోయడానికి మాత్రం పిలుస్తుంది.