గోదావరి వెంట మండూకములు

నాసికకు చేరువగల త్ర్యంబకమున, బ్రహ్మగిరి చరియలలో జన్మించి 1465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరిని వర్ణించినవారు పుణ్యక్షేత్రములను లెక్కించిరి గాని, ఆ నీటి వేడిమి ఎచ్చట ఎట్లు మాఱుచున్నదో చూచినవారరుదు. కప్ప మాత్రము దానిని చర్మముతో చూచును.

సహ్యాద్రి సెలయేళ్లలో చెట్ల నీడను, తడిబండలను ఆశ్రయించి బ్రదుకు కప్పజాతులు పెక్కు కలవు. వానిలో ఇండిరానా ప్రజాతి తోకకప్పలు మడుగులలో ఈదక, పలుచని నీటిపొర జాఱు రాళ్లమీదనే పెరుగును. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాములకు మించి కరగు ప్రాణవాయువు 30 డిగ్రీలయొద్ద ఏడున్నరకు దిగును. వెచ్చబడిన దేహమో, మునుపటికంటె ఎక్కువ కోరును. రాబడి తగ్గిన యేటనే ఖర్చు పెరిగిన సంసారమది. ఉత్తర అమెరికా పడమటి కొండవాగులలోని ఆస్కాఫస్ అను కప్ప గ్రుడ్లు 18 డిగ్రీలు దాటిన కొలదిలోనే నశించును.

కొండలు విడిచి మైదానమునకు దిగి, కందకుర్తివద్ద మంజీరను కలుపుకొని, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ఆనకట్టవెనుక నది నిలిచి వెచ్చబడును. అచ్చటినుండి ధర్మపురివైపు పోవు పాయ నదిగానే మిగులగా, వరదకాలువ కోరుట్ల, మేడిపల్లి ప్రాంతములమీదుగా సిరిసిల్లసీమలోని మధ్యమానేరును చేరును.

45 డిగ్రీలు దాటు వేసవులకు అలవాటుపడిన మేడిపల్లి కప్ప గట్టిదని తలచుట సహజము. తోకకప్పనుంచిన నీటిని మెల్లమెల్లగా వేడిచేయుచు, వెల్లకిల పడిన ప్రాణి తిరిగి బోర్లపడలేని క్షణమును హద్దుగా గుర్తించుట శాస్త్రజ్ఞుల పద్ధతి. ఆ కొలతలో మైదానపు కప్పదే పైచేయి. అయినను దాని నీటిగుంట మధ్యాహ్నమున ఆ హద్దునకు మిక్కిలి చేరువగా పోవును. నా దృష్టిలో హద్దు ఎంత యెత్తున నున్నదన్నది కాదు, హద్దునకును నీటికిని నడుమ ఎంత మిగిలినదన్నదే ప్రశ్న. కొండవాగుపై చెట్లు కొట్టివేసిననాడు అచ్చటను ఆ మిగులు కరగును.

ఈ సీమ కప్ప నేర్పు ఓర్పులో లేదు, తప్పించుకొనుటలో నున్నది. రోళ్లు పగులు రోహిణికార్తెకు మునుపే, వెనుకకాళ్ల అడుగున పారవంటి గట్టి యంచుగల త్రవ్వుడుకప్ప వెనుకకు నడచుచు మన్నులో దిగి, మృగశిర వానకు వెలువడును.

ఇచ్చటి తోకకప్పకు ఈ యుపాయము లేదు. కాళ్లు మొలచువఱకు అది మడిలోని నీటిలోనే యుండవలెను. వేడిమి దాని యెదుగుదలను త్వరపఱచును; నీరింకకమునుపే గట్టెక్కించుటచే మేలువలె తోచును. కాని అట్లు తొందరపడి రూపుదాల్చిన కప్ప చిన్నది. చిన్నదేహమునకు పరిమాణమునుబట్టి చర్మమెక్కువ, కనుక గట్టుమీది యెండలో అది పెద్దకప్పకంటె త్వరగా ఎండిపోవును.